శౌరమ్మ మొక్కు

మగవాళ్ల వార్డులో బెడ్‌పాన్‌లు కడిగి బోర్లించి, శౌరమ్మ మళ్లీ ఎడమచెయ్యి విదిలించుకుంది. పొద్దుటి నుంచీ ఒకటే లాగుడు. భవానీపురంలోని ఆ ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ తల నెరిసింది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి తోలుతుంది. తనకొస్తే మాత్రం గ్యాసు. అదేం మొండితనమో!

పొట్టి మనిషి. నీళ్లలో నాని వేళ్ల చివర్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. మెడలో నల్లదారానికి మేరీమాత బిళ్ల. మనసు వెన్నే గానీ, నోరు మంచిది కాదు. రాత్రి కూతురు సింధూరి మీద ఆ నోరే పారేసుకుంది.

సింధూరి టెన్త్ పాసైంది. ఎంపీసీలో చేరతానంటుంది. లెక్కలంటే దానికి ప్రాణం. అన్నం ముందు కూర్చుని కూడా తడివేలితో గచ్చు మీద త్రిభుజాలు గీస్తుంది. తల్లేమో బైపీసీ చదివి నర్సు కావాలంటుంది. పసిదానిగా ఉన్నప్పుడు డెంగీ వచ్చి పిల్ల కళ్లు తేలేస్తే, గుణదల మేరీమాత కొండెక్కి మొక్కుకుంది మరి. "బతికించు తల్లీ, నర్సును చేసి రోగులకు సేవ చేయిస్తా" అని. పిల్ల బతికింది. ఇచ్చిన మాట తప్పితే కళ్లు పోవూ!

"కాలేజీలో బైపీసీ అనే చెప్పాలి. లేదంటే నన్ను అమ్మా అని పిలవకు" అనేసింది రాత్రి. సింధూరి పొద్దున టీ కూడా తాగలేదు.

మధ్యాహ్నం ఆయాల గదిలో నర్సు జెస్సికా, నిన్నగాక మొన్న చేరిన పిల్ల, బేసిన్ మీదికి వంగి వాంతి చేసుకుంటోంది. శౌరమ్మ వీపు నిమిరింది.

"ఏం తిన్నారు సిస్టర్?"

"ఏం తిన్లేదాంటీ. ఒకతనికి కట్టు మార్చొచ్చా. రక్తం చూస్తే నాకెప్పుడూ ఇంతే."

"మరి ఈ పనిలోకి ఎందుకొచ్చారండీ?"

"నేనెక్కడొచ్చా? మా అమ్మ మొక్కుకుంది."

శౌరమ్మకు ఒళ్లు మండింది. "తల్లి మొక్కుకుంటే తప్పా?"

"తప్పని ఎవరన్నారాంటీ? మొక్కుకుంది ఆవిడ. రోజూ తీరుస్తోంది నేను." మొహం తుడుచుకుని వార్డులోకి పోయింది.

శౌరమ్మ స్టూలు మీద కూలబడింది. నిజమే గదా. పిల్లనడిగి మొక్కుకున్నానా? మోకాళ్ల మీద కొండెక్కి నేనే తీర్చుకుంటా తల్లీ, దాని నెత్తిన రుద్దను అనుకుంది. ఎన్నాళ్లకో ప్రాణం కుదుటపడింది.

ఎదురు కొట్టుకెళ్లి జామెట్రీ బాక్సు అడిగింది. "ఇంటర్లో ఇది పెద్దగా అక్కర్లేదమ్మా" అన్నాడు కొట్టతను. "లెక్కలకేగా! మీరివ్వండి" అంది.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ అంత మాట అన్నాక, ఎదురుగా నిలబడి, బాక్సు చేతిలో పెట్టి చెప్పాలనిపించింది. దాన్ని ఆయాల గది కిటికీలో, తన మార్పు చీర వెనక దాచి, దుప్పట్లు మార్చడానికి వెళ్లింది.

దుప్పటి సగం పరిచి, మంచం కమ్మీ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. అలసిపోయిందనుకున్నారు. జెస్సికా వచ్చి మణికట్టు పట్టుకునేసరికి నాడి లేదు.

శవపేటిక మీద పడి సింధూరి ఏడ్చిన ఏడుపుకి వీధంతా కన్నీళ్లు పెట్టుకుంది. "బైపీసీలోనే చేరతానమ్మా! ఇప్పుడు అమ్మా అని పిలవొచ్చుగా!" అన్న మాట ప్రకారమే చేరింది. తల్లి మాట నిలబెట్టిన పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు.

చీర ఇంటికి పంపారు. దాని వెనకున్న బాక్సు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. కొత్తగా వచ్చిన ఆయా అందులో పిన్నీసులు, తలనొప్పి మాత్రలు వేసుకుంది. చోటు చాలక తీసి కిటికీలో పడేసిన కంపాసు, ముల్లుకి తొడిగిన ప్లాస్టిక్ గొట్టం కూడా ఊడకుండా, అక్కడే దుమ్ము పట్టిపోయింది.