ఒక ఇరుసు, రెండు పలుగులు

నేను ఒక పలుగును. గడ్డపలుగు అంటారు. ఐదడుగుల నిలువు, ఎనిమిది కిలోల ఒళ్ళు, ఒక కొన సూది, ఇంకో కొన ఉలి. అంతకుమించి నా దగ్గర దాపరికం ఏమీ లేదు. అయినా పోలీసు కాగితాల్లో నన్ను నాలుగుసార్లు 'కన్నం వేయు పరికరము' అని, ఒకసారి 'మారణాయుధము' అని, ఇంకోసారి 'పొడవాటి అనుమానాస్పద వస్తువు' అని రాశారు. ఆ చివరిది రాసినాయన పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు. పాపం, పలుగును ఎప్పుడూ చూసి ఉండడు.

మా తండ్రి ఒక లారీ ఇరుసు. తుమ్మలదొరువు మలుపులో లారీ బోల్తాపడితే, కమ్మరి వీరాచారి ఆ ఇరుసును కొనుక్కొచ్చి నడిమికి నరికి, ఒకే కొలిమిలో ఒకే పూట మా ఇద్దరినీ సాగదీశాడు. అన్న నాకన్నా గంట పెద్ద. అన్నను ఊళ్ళో పెద్ద రైతు రంగనాయకులుగారు కొన్నారు. ఆయన భార్య శేషమ్మగారికి ఇంట్లో ప్రతి వస్తువు మీదా పేరు కొట్టించే అలవాటు. గ్లాసులు, గరిటెలు, చివరికి తులసికోటకు నీళ్ళు పోసే చెంబు కూడా ఆ ఇంట్లో పేరు లేకుండా బతకలేవు. అలా అన్న నడుము మీద 'రం.నా.' అని పడింది. నన్ను అంకాలు కొన్నాడు. పేరు కొట్టమంటావా అని వీరాచారి అడిగితే "నా పలుగు నాకు తెలవదా యేంది?" అని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అంకాలు పని గుంటలు తవ్వడం. కరెంటు స్తంభాలకు, మరుగుదొడ్లకు, కొబ్బరి మొక్కలకు, పోయినవాళ్ళకు, ఎవరికి కావాలంటే వాళ్ళకు తవ్వుతాడు. అతనికి కుక్కలంటే భయం, చీకటంటే ఇంకా భయం. దొంగతనానికి ఇంత పనికిమాలిన మనిషిని నేను చూడలేదు. కానీ ఎరుకల కులంలో పుట్టాడు. తెల్లదొరల కాలంలో ఆ కులంవాళ్ళంతా పుట్టుదొంగలేనని చట్టం చేసి, తాతముత్తాతల పేర్లన్నీ రిజిస్టర్లకు ఎక్కించారట. దొరలు పోయారు, చట్టమూ పోయింది. అలవాటు మాత్రం మా స్టేషన్‌లో పెన్షన్ తీసుకుంటూ హాయిగా ఉంది.

చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏది పోయినా, సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళు ఏడుపు ముగించకముందే జీపు అంకాలు ఇంటి ముందు ఆగేది. హెడ్ కానిస్టేబుల్ గురవయ్య దిగేవాడు. వాళ్ళ సంభాషణ నాకు కంఠతా వచ్చు.

"రాత్రి యాడున్నావురా?"

"ఇంట్లోనే పండుకున్నా సార్."

"సాక్షి ఎవరు?"

"మా నాంచారి సార్."

"పెళ్ళాం సాక్ష్యం చెల్లదు. ఎక్కు."

పెళ్ళాం సాక్ష్యం చెల్లదని తెలిశాక అంకాలు కొన్నాళ్ళు టీకొట్టు ముందు, పదిమందీ పడుకునే చోట పక్క వేసుకున్నాడు. ఆ తడవ గురవయ్య మరీ కోప్పడ్డాడు. "ఇల్లుండగా బయటెందుకు పండుకున్నావ్? సాక్షుల కోసమేగా?" అన్నాడు. మర్నాటి నుంచి అంకాలు మళ్ళీ ఇంట్లోనే పడుకున్నాడు.

ఒకసారి మా ఊరి బడిపంతులు, ఎవరో ఫోన్‌లో తీయగా మాట్లాడితే నమ్మి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. అప్పుడూ వచ్చి నన్ను పట్టుకుపోయారు. "ఫోన్‌లో పోయినదానికి పలుగెందుకు సార్?" అని అంకాలు చాలా మర్యాదగా అడిగాడు. "నువ్వు ముందు ఎక్కు" అన్నాడు గురవయ్య. సాయంత్రానికి వదిలేశారు. ఎప్పుడూ అంతే. తీసుకెళ్ళడం, కూర్చోబెట్టడం, వదిలేయడం.

ఆ ఇంట్లోవాళ్ళు దీనికి ఎంత అలవాటుపడ్డారంటే, జీపు చప్పుడు వినగానే నాంచారి పొయ్యి మీద టీనీళ్ళు పడేసేది. అంకాలు పాత చొక్కా తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, నన్ను తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టేవాడు. వెతికే శ్రమ ఎందుకు, సార్లకు కూడా పనులుంటాయి కదా అని.

వాళ్ళమ్మాయి సౌభాగ్యం మాత్రం దీనికి అలవాటుపడలేదు. జీపు వచ్చినప్పుడల్లా పుస్తకం మూసి గోడవైపు తిరిగి కూర్చునేది. అలా గోడవైపు తిరిగి తిరిగే నర్సు కోర్సు చదివింది. సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే, పోలీసు రిపోర్టు. ఆ పిల్ల మీద, ఇంట్లోవాళ్ళ మీద అనుమానం ఏమీ లేదని స్టేషన్‌వాళ్ళు రాసి పంపాలి.

"పదిరోజులు ఓపిక పట్టు. ఈలోగా ఎక్కడా ఏదీ పోకుండా ఉంటే రాసి పంపిస్తా" అన్నాడు గురవయ్య. ఆయన మంచిగానే అన్నాడు. అంకాలు దాన్ని మరీ మంచిగా తీసుకున్నాడు. ఎక్కడా ఏదీ పోకుండా చూసే బాధ్యత తనదే అనుకున్నాడు.

మర్నాటి నుంచి ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. "అమ్మా, దొడ్డి తలుపుకు గొళ్ళెం పెట్టుకోలా మీరు." "బాబాయ్, సైకిల్‌కి తాళం వేసుకో." "అక్కా, ఆ ఇత్తడి బిందె లోపల పెట్టుకోరాదా?" నేను భుజం మీదే ఉన్నాను కనుక అన్నీ చూశాను. గొళ్ళేలను ఇంత ప్రేమగా చూసినవాణ్ణి ఊరు అంతకుముందు ఎరగదు. అంకాలు తలుపులు చూసుకుంటూ తిరుగుతున్నాడని నాలుగో రోజుకే స్టేషన్‌కు కబురు వెళ్ళింది.

ఆ నాలుగో రోజునే ఇంకో పొరపాటు జరిగింది. రంగనాయకులుగారి తోటలో కొబ్బరి గుంటలు తవ్వుతున్నాం. నేల గట్టిది కావడంతో అన్నను కూడా దింపారు. చాలా ఏళ్ళకు ఇద్దరం ఒకే గుంటలో పనిచేశాం. పొద్దు వాలాక మట్టి కొట్టుకుపోయి ఉన్న మా ఇద్దరిలో అంకాలు అన్నను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తన పలుగు తనకు తెలుసన్న మనిషి! కూతురి రిపోర్టు ధ్యాసలో ఉన్నాడు, తప్పుపట్టలేను. పాలేరు నన్ను తీసుకెళ్ళి పెద్దింటి తలుపు వెనక నిలబెట్టాడు.

ఆ తలుపుల కబురు మీద మర్నాడు మధ్యాహ్నం స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఎస్సై సుహాసిని, గురవయ్య కలిసి అంకాలు ఇంటికి వెళ్ళారు. ఆ కథంతా తర్వాత జీపులో అన్నే నాకు చెప్పాడు. గురవయ్య మామూలు ప్రశ్నలు అడిగాడు, పెళ్ళాం సాక్ష్యం చెల్లదన్నాడు, అలవాటుగా గుమ్మం పక్కనున్న పలుగును చేతికి తీసుకున్నాడు. మట్టి రాలింది. 'రం.నా.' బయటపడింది. ఇన్నేళ్ళకు మొదటిసారి అంకాలు ఇంట్లో వేరేవాళ్ళ పేరున్న వస్తువు దొరికింది. నాంచారి టీ వడగట్టడం మానేసి కింద కూలబడింది. సౌభాగ్యం ఈసారి గోడవైపు తిరగలేదు. తండ్రి ముఖంలోకి చూసింది. "నాన్నా, నా ఉద్యోగం పోయినట్టేనా?" అంది.

జీపు అంకాలును, అన్నను ఎక్కించుకుని పెద్దింటికి వచ్చింది. ఇక్కడి నుంచి నేను కళ్ళారా చూసిందే.

రంగనాయకులుగారు బనీనుతో మంచం మీద కునుకు తీస్తున్నారు. ఎస్సై బూట్లతోనే హాల్లోకి వచ్చింది.

"మీ పలుగు పోయిందా సార్?"

"పోలేదమ్మా. అదుగో, తలుపు వెనకాల ఉంది."

ఎస్సై నన్ను తిప్పి చూసింది. "దీని మీద పేరు లేదు. ఇది ఎవరిది? మీ ఇంట్లో ఎందుకుంది?"

"నాకేం తెలుసు?"

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

గురవయ్య గబగబా ముందుకొచ్చాడు. "మేడమ్, వారు రంగనాయకులుగారు" అని చెవిలో చెప్పాడు. "అందుకే సార్ అంటున్నాను" అంది ఆమె. ట్రైనింగులో అందర్నీ ఒకేలా అడగాలని నేర్పారట. ఎవర్ని అడగకూడదో చెప్పే పాఠం ఇంకా కాలేదు కాబోలు.

"ఇంట్లోనే ఉన్నాను. కావాలంటే మా ఆవిడను అడగండి" అన్నారు రంగనాయకులుగారు.

"భార్య సాక్ష్యం చెల్లదని ఇందాకే మా హెడ్డుగారు చెప్పారు."

అప్పటికే గేటు దగ్గర ఇరవైమంది చేరారు. శేషమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. రంగనాయకులుగారు లేచి నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. "నన్నా? నన్ను అడుగుతున్నావా అమ్మాయ్? ఎందుకు? ఏం చేశానని?" అని అరిచారు.

అప్పుడు జీపు పక్కన నిలబడ్డ అంకాలు ఇక ఉండబట్టలేక గుమ్మం దాకా వచ్చాడు.

"అయ్యా, ఎందుకని అడగబాకండి. అడిగితే కోప్పడతారు. అడిగిందానికే చెప్పండి. ముందు చొక్కా తొడుక్కోండి, పాతది. మంచి చెప్పులు వద్దు, ఆడ పోతాయి. తువ్వాలు తెచ్చుకోండి, కింద పరుచుకోటానికి. అమ్మా, మీరు ఏడవబాకండి, టీ పెట్టండి. గంటలో రాకపోతే సాయంత్రానికి వస్తారు. నాదీ పూచీ."

ఆ మాటల్లో వెటకారం లేదు. తెలిసిన పనిని తెలియనివాడికి చెబుతున్నాడు, అంతే. రంగనాయకులుగారు వింతగా అతనివైపు చూసి, లోపలికి వెళ్ళి, నిజంగానే పాత చొక్కా తొడుక్కుని తువ్వాలు తెచ్చుకున్నారు. నేను ఇనుమును గనుక ఏడవలేదు.

స్టేషన్‌లో అరగంటలో సంగతి తేలింది. తోటలో పలుగులు తారుమారయ్యాయి, అంతే. కానీ విచారించినవాళ్ళ పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఎక్కేశాయి. తన పేరు కొట్టేయమని రంగనాయకులుగారు పట్టుబట్టారు. ఎక్కించడానికి గడి ఉంది గానీ తీసేయడానికి గడి లేదన్నాడు గురవయ్య.

"నేనేం తప్పు చేశానయ్యా?"

"అంకాలు మాత్రం ఏం చేశాడండీ?" అన్నాడు గురవయ్య, నోరుజారి.

ఎస్సై ఆ పుస్తకం తీసుకుని వెనక్కి తిప్పింది. పేజీ పేజీకీ అంకాలే. పక్కన 'ఫలితము' అన్న గడి ఖాళీ. ఎందుకు ఖాళీ అని అడిగితే, ఏమీ దొరకలేదు కనుక రాయలేదన్నాడు గురవయ్య. ఏమీ దొరకలేదనే రాయమంది ఆమె. గురవయ్య కూర్చుని పంతొమ్మిది చోట్ల 'ఏమీ దొరకలేదు' అని రాశాడు. చేయి నొప్పి పుట్టి మధ్యలో రెండుసార్లు విదిలించుకున్నాడు. ఆఖరి పేజీలో ఇద్దరి పేర్ల కిందా కలిపి ఒకే వాక్యం పడింది, వీరిపై ఎట్టి అనుమానమూ లేదని. పెద్దాయన పేరు పక్కన ఉండబట్టే అంత తొందరగా పడిందని నాకు తెలుసు. అయినా పడింది. ఆ వారమే సౌభాగ్యం రిపోర్టు వెళ్ళింది.

అన్నకు పేరుంది కనుక ఆ సాయంత్రమే ఇంటికి చేరాడు. నాకు పేరు లేదు, వీరాచారి ఇచ్చిన రసీదూ లేదు. ఇదివరకు అంకాలుతోనే వదిలేసేవారు గానీ, ఎస్సై అంతా పద్ధతి ప్రకారం కావాలంది కనుక మెడకు చీటీ కట్టి స్టేషన్ సొత్తు గదిలో పెట్టారు. మూడేళ్ళయింది. అంకాలు నా కోసం రాలేదు. రావద్దనే నేనూ కోరుకున్నాను. అతని చేతులు గుర్తొచ్చినప్పుడు మాత్రం దిగులుగా ఉంటుంది.

సుహాసినికి బదిలీ అయింది. ఇంకో ఎస్సై వచ్చాడు. మొన్న ఉదయం పిండిమిల్లులో మోటారు పోయిందని ఫిర్యాదు వచ్చింది. గురవయ్య టోపీ పెట్టుకుంటూ "ఐదు నిమిషాల్లో వస్తా సార్" అని జీపెక్కాడు. ఎక్కడికో నాకు చెప్పక్కర్లేదు. చెప్పినట్టే ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు, ఖాళీ జీపుతో.

"ఇంటికి తాళమేసుంది సార్. కూతురు పనిచేసే ఊరికి వెళ్ళిపోయారంట, ఇద్దరూ. ఇక రారంట."

"అయితే?" అన్నాడు ఎస్సై.

గురవయ్య కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఇప్పుడు దొంగను వెతకాలి సార్" అన్నాడు.