చేతుల వాసన

పుల్లయ్య రెండు అరచేతులూ చాచి నిలబడ్డాడు. డాక్టర్ నాగజ్యోతి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, వంగి, ముందు కుడిచేతిని, తర్వాత ఎడమచేతిని వాసన చూసింది. గోళ్ల సందుల దగ్గర ఇంకాస్త ఆగింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. సబ్బు వాసన మరీ గుప్పుమంటే దాని కింద ఇంకేదో దాస్తున్నారని ఆమె అనుమానం.

"పో" అంది చివరికి.

నంద్యాల శివార్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల వైరస్ విభాగమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు గదులు, మొక్కల చుట్టూ దోమతెర కట్టిన ఒక నెట్‌హౌస్, బయట ఒక కుళాయి, ఈవిడ, మొక్కలకు నీళ్లు పోసే పుల్లయ్య. అంతే. ఆ నెట్‌హౌస్‌లో ఎవరు అడుగుపెట్టాలన్నా చేతులు చూపించక తప్పదు. పొగాకును పట్టే వైరస్ ఒకటుంది. ఆకు ఎండినా, నలిగినా, బీడీలో చుట్టినా అది చావదు. బీడీ పట్టుకున్న చెయ్యి మొక్కను తాకితే చాలు, మొక్కకు అంటుకుంటుంది. ఈ సంగతి చదివినవాళ్లు దేశంలో బోలెడుమంది ఉన్నారు. దాన్ని ఇలా నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి మాత్రం ఈవిడే.

కారణం లేకపోలేదు. తిరుపతిలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఎవరో బీడీ చేతులతో ఆమె మొక్కల్ని ముట్టుకున్నారు. రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరైంది. ముట్టుకున్నదెవరో ఇప్పటికీ తెలియదు. ఆమె తర్వాత చేరినవాళ్లు ముందే డాక్టర్లయ్యారు, ప్రొఫెసర్లయ్యారు. ఈవిడ అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోయింది. ఒకసారి తనిఖీకి వచ్చిన డీన్‌గారిని కూడా చెయ్యి చాపమంది. ఆయన చాపలేదు. ఆమెకు ప్రొఫెసర్ పదవీ రాలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆమె అనుమానం. ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా, ఈ పని ఒక కొలిక్కి రానీ అనేది. పని కొలిక్కి రాలేదు, అడిగేవాళ్లు అడగడం మానేశారు.

ఆమె దోమతెరకు పడిన చిల్లుల్ని అనుమానించింది. తెల్లదోమను అనుమానించింది. కుండీల మట్టిని, ట్యాంకు నీళ్లను, ఢిల్లీ నుంచి తరచూ ఫోన్ చేసి పరిశోధన ఎంతవరకు వచ్చిందని ఆప్యాయంగా అడిగే పాత స్నేహితురాలిని అనుమానించింది. నెలనెలా కొత్త సబ్బు కొని, దాని మీద గుండుసూదితో ఒక గీత గీసి కుళాయి దగ్గర పెట్టేది. గీత అరిగితేనే పుల్లయ్య నిజంగా చేతులు కడుక్కుంటున్నట్టు లెక్క.

కానీ ఈసారి పని నిజంగానే కొలిక్కి వచ్చేలా ఉంది. ఆళ్లగడ్డ పొలాల్లో మిరప ఆకు మీద పసుపు వలయాలు కట్టించే తెగులు ఒకటి ఆమె కంట పడింది. ఇది ఇంతవరకు ఎవరూ గుర్తించని వైరస్ అని ఆమె నమ్మకం. జీవితంలో ఆమె గట్టిగా నమ్మింది ఇదొక్కటే. తెగులు ఆకును నూరి, ఆ రసాన్ని చిటికెడు రాతిపొడితో కలిపి, పొగాకు జాతి అడవిమొక్క ఆకు మీద వేలితో రుద్దుతుంది. పొడి ఆకును గీరుతుంది, ఆ గీరుల్లోంచి వైరస్ లోపలికి పోయి మచ్చలు లేపుతుంది. పక్కనే ఇంకో మొక్కకు ఉత్త నీళ్లూ పొడీ రుద్దుతుంది. ఈ రెండోది శుభ్రంగా ఉండాలి. అది శుభ్రంగా ఉంటేనే మొదటిదాని సాక్ష్యం చెల్లుతుంది.

ఆ ఉదయం నీళ్లు రుద్దిన మొక్క మీద నువ్వుగింజలంత మచ్చలు కనిపించాయి.

నాగజ్యోతి కళ్లజోడు సవరించుకుని ఆ మచ్చల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఆ మొక్కల జోలికి వెళ్లేది ఇద్దరే. అందులో ఒకరు తను.

"పుల్లయ్యా, ఇట్ల రా. ఇదేంది?"

"మచ్చలు మేడం."

"నీళ్లు రుద్దిన మొక్కకు మచ్చలు యాడనుంచి వచ్చినాయ్?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పినట్లే చేతులు కడిగి నీళ్లు పోసినా."

"బీడీ తాగినావా?"

"లేదు."

"ఇంటికాడ?"

పుల్లయ్య ఆమె ముఖంలోకి చూశాడు. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ నీళ్లలో నానే చేతులు.

"ఇంటికాడ గూడా మానేసినా. ఎన్ని తూర్లు చెప్పల్ల మేడం?"

"రేపట్నుంచి రావద్దులే. ఇంగొకర్ని చూసుకుంటా."

అతను వాదించలేదు. ఆ వాదించకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే తోచింది.

"సరే. ఈ పొద్దుకు నీళ్లు పోసి పోతా. ఎండకు వాడిపోతాయి" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాలంటే కొత్త ఆకులు కావాలి, పొడీ కావాలి. ఆమె ఆళ్లగడ్డ బస్సెక్కింది. పొడి ఇచ్చేది శిల్పి రంగయ్య. నల్లరాతి విగ్రహాలకు మెరుగు పెట్టే కార్బోరండం పొడే ఆమె ఆకులకూ పనికొస్తుంది. ఆఫీసు ద్వారా తెప్పించాలంటే పంటకాలం కాస్తా దాటిపోతుంది. ఆయనైతే గుప్పెడు పోసి, పో తల్లీ అంటాడు.

పొలంలో ఆకులు కోసుకుని ఆమె వెళ్లేసరికి రంగయ్య ముక్కు ఇంకా తేలని ఆంజనేయుడి ముందు కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద కూడా రాతిదుమ్మే.

"ఏందమ్మా, ముఖం అట్ల పెట్టుకున్నావ్?"

"ఏంల్యా అన్నా. పొడి కావల్ల."

ఆయన బొడ్లోంచి ముక్కుపొడి డబ్బా తీశాడు. అడుగున మిగిలింది అరచేతిలోకి తట్టుకుని, ముక్కులోకి ఎగబీల్చి, తృప్తిగా తుమ్మాడు. తర్వాత ఆ డబ్బాలోనే రాతిపొడి పోసి మూత పెట్టి అందించాడు.

నాగజ్యోతి చెయ్యి చాపలేదు. ముక్కుపొడి కూడా పొగాకే.

"పోయినసారి గూడా ఇట్లాంటి దాంట్లోనే ఇచ్చినావా?"

"ఆ పొద్దు వాన పడతాండె గదా. పొట్లం తడుస్తాదని డబ్బాలో పోసిచ్చినా. మర్చిపోయినావా?"

"కడిగినావా?"

"ముక్కుపొడి డబ్బాను ఎవురు కడుగుతారమ్మా?" రంగయ్య నవ్వాడు. "అయినా రాతికి రోగమేముంటాది?"

ఇన్నాళ్లూ ఆమె కూడా సరిగ్గా అలాగే అనుకుంది. ప్రపంచంలో ఆమె అనుమానించకుండా వదిలేసింది ఆ రాతిపొడినొక్కదాన్నే. పాత పొట్లాలు అయిపోయి, పోయిన వారమే ఆ డబ్బా మూత తీసింది. మూత తీసిన వేలితోనే మొక్కలకు రుద్దింది.

ఆ డబ్బాను ముట్టుకోకుండా, వేరే పొడిని కొత్త కాగితంలో కట్టించుకుని తిరుగు బస్సెక్కింది. ముందు సంతోషం కలిగింది. పట్టరాని సంతోషం. డబ్బా తెరవకముందు చేసిన పరీక్షలన్నీ పదిలంగా ఉన్నట్టే. వైరస్ నిజం, అది తనది. శిరివెళ్ల దాటేదాకా ఆమెకు పుల్లయ్య గుర్తే రాలేదు. ఈ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, ఎవరున్నారా అని మనసులో వెతుక్కుంటే అతనొక్కడే కనిపించాడు.

సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. వెంటనే ఫోన్ చేసింది.

"పుల్లయ్యా, యాడుండావ్?"

"టేసన్లో మేడం. డోన్ బండికి కూసున్నా. కూతురు ఎప్పట్నుంచో రమ్మంటాంది."

"నువ్వు తాగల్యా. పొగాకు పొడి డబ్బాలో ఉండింది. తప్పు నాదే. రేపు వచ్చేయ్."

అవతల టీ అమ్మేవాడి కేక వినిపించింది.

"వద్దులే మేడం."

"తప్పు నాదంటాండా గదా!"

"తప్పని కాదు. రోజూ చేతులు సాపల్లంటే ఇంగ నాతో కాదు. నా పెండ్లాం పోయి దినాలు గూడా కాకముందే పనికొచ్చినా. ఆ పొద్దు గూడా సాపినా. వాసన చూసి లోపలికి పొమ్మన్నావ్. ఏమైందని అడగల్యా. నీళ్లు పోసినా. తాళంచెవి కిటికీలో పెట్టినా. ఉంటా మేడం."

ఆమెకు ఆ రోజు గుర్తుంది. ఆ చేతులకు కర్పూరం వాసన వచ్చింది. కర్పూరం వల్ల మొక్కలకు హాని లేదని లోపలికి పంపింది. కర్పూరం ఎందుకు వెలిగించాడో ఆమెకు తోచలేదు.

ఆమె చేరేసరికి పొద్దు వాలింది. నెట్‌హౌస్‌లో మట్టంతా చల్లగా తడిసి ఉంది. మచ్చల మొక్క ఏ ఆకూ తగలకుండా విడిగా ఓ మూల ఉంది, ఆమె నేర్పినట్టే. నాగజ్యోతి తన కుడిచేతి వేళ్లను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఏ వాసనా తెలియలేదు. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చింది. తర్వాత లోపలికి పోయేముందు చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి నడిచింది.

గట్టు మీద కొబ్బరిచిప్పలో, గుండుసూది గీత పూర్తిగా అరిగిపోయిన సబ్బు, ఇంకా తడిగా ఉంది.