రొట్టెపిల్ల రాసిన పేజీ

నాలుగో కంప్యూటర్ తెర తుడుస్తుండగా వరండాలో తల్లుల మాటలు వినిపించాయి. దామోదర్ తడిగుడ్డ పక్కన పెట్టి చొక్కా చేతులు దించుకున్నాడు. యాభై రెండేళ్ల మనిషి; సన్నగా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. మక్తల్ దగ్గరి ఈ సర్కారు బడిలో పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. ఆ కాంట్రాక్టు ఇవాళ సాయంత్రంతో సరి. ఎనిమిదో తరగతి పిల్లల బ్లాగు మొదలుపెట్టకుండా వెళ్లడానికి మాత్రం మనసొప్పలేదు. ఇంటివాళ్లందరూ సంతకాలు పెడితేనే సరేనంది హెడ్మాస్టరమ్మ.

దామోదర్ తల్లులకు చెప్పాడు: "పిల్లలు రాసింది ఎక్కడున్నోళ్లైనా ఫోన్ల సదువొచ్చు. అందుకే జర జాగ్రత్త. పిల్లల పేరు, మొఖం, ఊరు, గీ మూడు బయటికి పోవద్దు. ఎవలేం జవాబు రాసినా మేం సూసినంకనే కనబడతది."

ఇరవై రెండు కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో పడ్డాయి. గోపమ్మ ఒక్కతే కాగితం పట్టుకుని నిలబడిపోయింది.

"పేరు లేకుంటే మా మల్లిక రాసిందని వాళ్ల నాయినకెట్ల ఎరుకైతది సారూ? పూణెల బిల్డింగు పనికి పోయిండు. ఆర్నెల్లాయె."

దామోదర్ తండ్రి కూడా అలాగే కూలీల ముఠాతో ఆనకట్ట పనులకు వెళ్లాడు. ఏడేళ్ల దామోదర్ రోజూ పోస్టుమాన్ సైకిలు వెంట ఊరి చివరి ఇంటిదాకా పరుగెత్తేవాడు. అక్షరం రాని నాయిన ఉత్తరం రాయలేదు. తిరిగి రానూ లేదు.

"మల్లికను వాళ్ల నాయిన ముద్దుగ ఏమని పిలుస్తడు?"

"రొట్టెపిల్ల అంటడు," గోపమ్మ నవ్వింది. "పెనం మీది రొట్టె పెనం మీదనే తింటది."

"గదే పెడ్దం." గోపమ్మ వేలిముద్ర వేసింది.

మధ్యాహ్నం మల్లిక మూడో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వేలితో టైపు చేసింది. నాయిన నాటిన నిమ్మచెట్టు పూసిందట. ఆ వాసన ఫోనులో పంపడం ఎలాగో తెలియదట. గోపమ్మ ఫోను నుంచి ఆ పేజీ పూణె చేరింది.

బడి వదిలాక తెలుగు టీచరు అరుణకు దామోదర్ బ్లాగు పాస్‌వర్డు అప్పగిస్తుండగా మొదటి జవాబు వచ్చింది.

"మల్లికా, మా మేస్త్రీ రాసిపెడుతున్నడు. మూడుసార్లు సదివిచ్చుకున్న. పువ్వు రాలకుండ నీళ్లు పొయ్యి. కాయ కాసేవరకు వస్త."

మొదటి మాటే పిల్ల పేరు.

"పేరు తీసేసి పెట్టొచ్చు గద సార్?" అంది అరుణ.

"దీంట్ల దిద్దనియ్యదమ్మా. పెడితే మొత్తం పెట్టాలె. పొద్దుగాల్నే తల్లులకు మాటిచ్చిన." పేజీలో పెట్టకుండానే ఆపేశాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని, ఒక్క అక్షరం పోకుండా ఆ జవాబంతా చేత్తో రాశాడు. మడతపెట్టి మూడో కంప్యూటర్ కీబోర్డు కింద ఉంచాడు.

"రేపు మీరెక్కడని పిల్లలడుగుతరు సార్. ఏం చెప్పాలె?"

"రాయమని చెప్పు."

ఐదున్నర బస్సు హారన్ వినిపిస్తే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అరుణ దీపాలార్పి గదికి తాళం వేసింది. లోపల, కీబోర్డు అంచున సగం బయటికి కనిపిస్తున్న ఆ కాగితం మడత మీద నీలం సిరాతో, ఉత్తరం మీద చిరునామాలా: కుమారి మల్లికకు, నాయిన రాసింది.