సంతకం కలవలేదు

పదకొండూ ఇరవైకి ఫోను మోగింది. అప్పటికి భూతద్దం ఆ రోజుకి మూడో సంతకాన్ని తిప్పికొట్టి, నాలుగోదాని మీదికి వంగి ఉన్నాడు.

ఆయన అసలు పేరు జీతాల పట్టీకి తప్ప బ్యాంకులో ఎవరికీ గుర్తులేదు. చెక్కు మీద సంతకాన్నీ, ఖాతా తెరిచిన రోజు కార్డు మీద పెట్టిన సంతకాన్నీ పక్కపక్కన పెట్టి, ఇత్తడి పిడి ఉన్న భూతద్దంలోంచి చూసి, "కలవలేదు" అనడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట అంటూనే ఉన్నాడు. అందులో తనకో ఆనందం ఉందని ఆయనకు తెలుసు. డిటెక్టివు కావాల్సినవాణ్ణి పొరపాటున కుర్చీలో కూర్చోబెట్టారని ఆయన నమ్మకం. ఇరవై ఆరేళ్లలో పట్టుకున్న దొంగలు ఎంతమందంటే, ఒక్కడూ లేడు. అయినా నిఘా సడలించలేదు.

ఎదురుగా నిలబడ్డది బొమ్మల మాస్టారు. బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. పింఛను తీసుకోవడానికి వారంలో ఇది మూడోసారి రావడం.

"మాస్టారూ, మీ రెండో అక్షరం వణికింది."

"చెయ్యి వణికితే అక్షరం వణకదా బాబూ?"

"మొన్న ఇంత వణకలేదు."

"మొన్న కూడా కలవలేదనే పంపారు కదా! ఏ వణుకు కావాలో చెప్పండి, అదే వణుకుతాను."

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. భూతద్దం గంభీరంగా ఫారం వెనక్కి ఇచ్చాడు. "కాసేపు ఆ బల్ల మీద కూర్చుని, స్థిమితపడి, మళ్లీ పెట్టండి." ఫోనెత్తాడు.

అవతల భార్య. "కొంప మునిగింది. పిల్ల ఉద్యోగం ఆఫీసు నించి ఫోన్ చేసింది. నకళ్లు పనికిరావట, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారట. ఒంటిగంటకి కౌంటరు మూసేస్తారు. మూసేస్తే ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకి పోతుంది."

భూతద్దం చేతిలో పెన్ను కింద పెట్టాడు. "ఒరిజినల్స్ ఎవరు అడుగుతారే, నకళ్లు చాలు" అని పొద్దున టిఫిను దగ్గర కూతురికి తీర్పు చెప్పింది తనే. ఇంట్లో బీరువా పనికిరాదు, దొంగలుంటారు, చెదలుంటాయి అని మూడేళ్ల కిందట ఆ సర్టిఫికెట్లు తీసుకొచ్చి ఇదే బ్యాంకు లాకర్లో పెట్టింది కూడా తనే.

"కంగారు పడకు. లాకరు నా వెనకాల పది అడుగుల్లో ఉంది. నువ్వు స్కూటరేసుకుని వచ్చెయ్. వచ్చేసరికి కవరు చేతిలో పెడతాను."

"పన్నెండూ ముప్పావుకైనా అక్కణ్ణించి బయల్దేరాలి. ఆ ఆఫీసుకి పావుగంట పడుతుంది."

"ఐదు నిమిషాల పని," అన్నాడు భూతద్దం. ఆ మాట తర్వాత చాలా రోజులు ఆయన చెవిలో మోగింది.

లాకర్ల బాధ్యత నెల కిందటే చేరిన కొత్తమ్మాయిది. బుద్ధిమంతురాలు. చెప్పింది రాసుకునే రకం. నెలరోజులూ ఆమెకి పాఠాలు చెప్పింది భూతద్దమే. రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు జరిపింది. ఆయన బరబరా సంతకం గీకి, తాళంచెవి తీసుకుని లోపలికి అడుగేశాడు.

"సార్," అంది వెనకనుంచి.

"ఏంటమ్మాయ్?"

"సంతకం కలవలేదు సార్."

భూతద్దం నవ్వాడు. ఆమె నవ్వలేదు. కార్డు చూపించింది.

ఆ కార్డు మీద సంతకం పెట్టింది పాతికేళ్ల నాటి కుర్రాడు. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లాం, కొత్త ఫౌంటెన్ పెన్ను. మొదటి అక్షరం గాలి నిండిన తెరచాపలా ఉబ్బి ఉంది. చివరి అక్షరం తోక బయల్దేరి, పేరంతటినీ ఓ చుట్టు చుట్టి, కిందికి దిగి గీతయి, ఆ గీత కింద రెండు చుక్కలయి ఆగింది. రిజిస్టర్లో ఇప్పుడు పెట్టింది? సిరాలో పడి లేచిన చీమ నాలుగడుగులు నడిచి ప్రాణం విడిచినట్టుంది. రోజుకి మూడొందల వోచర్లు గీకీ గీకీ తెరచాప చిరిగింది, తోక తెగింది, చుక్కలు ఎప్పుడు రాలిపోయాయో ఆయనకే తెలీదు.

"ఇన్నాళ్లూ తెరిచారు కదా!"

"అంతకుముందున్న సార్ చూసేవారు కాదేమో సార్. 'నేనొచ్చినా సరే, సంతకం కలవకపోతే తెరవొద్దు' అని మీరే చెప్పారు. మొదటి రోజు. రాసుకున్నాను." నోటుబుక్కు తీయబోయింది.

"వద్దులే, గుర్తుంది."

మళ్లీ పెట్టాడు. తెరచాప వచ్చింది, తోక దారి తప్పింది. ఇంకోటి పెట్టాడు. తోక వచ్చింది, చుట్టు తిరగడం మర్చిపోయింది. కార్డు చూసి పెడదామంటే కొత్తమ్మాయి కార్డు మూసేసింది. "చూసి పెడితే అది సంతకం కాదు, నకలు అన్నారు సార్ మీరు."

అన్నాడు. ఎంత అందంగా అన్నాడో కూడా గుర్తుంది. అన్నప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు కూడా.

పదకొండూ నలభై. చొక్కా వీపుకి అతుక్కుంది. తొమ్మిదో ప్రయత్నానికి సంతకం పక్షవాతం వచ్చిన నెమలిలా తయారైంది. అంతా చూస్తూ బల్ల మీద కూర్చున్న బొమ్మల మాస్టారు లేచి వచ్చి మెడ సాచాడు.

"చెయ్యి బిగబట్టేస్తున్నారు బాబూ. స్థిమితపడి పెట్టండి."

"మాస్టారూ, మీరు కూర్చోండి."

"నా సంతకమంటే నాకు రావట్లేదుగానీ, మీదైతే నేను గీసిపెడతాను. తోక బ్రహ్మాండంగా వస్తుంది."

కొత్తమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భూతద్దం ఆ మాటని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు. ఆలోచించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఇరవై ఆరేళ్లలో మొదటి దొంగ దొరికాడు. పక్కనే, తన చొక్కాలోనే ఉన్నాడు.

"మేనేజరు గారి ప్రత్యేక అనుమతితో తెరవొచ్చు కదమ్మా?"

"మేడం మీటింగుకెళ్లారు సార్. సాయంత్రం దాకా ఇన్‌ఛార్జి అనుమతి చాలు."

"ఇన్‌ఛార్జి ఎవరు?"

"మీరే సార్."

"అయితే ఇస్తున్నాను!"

"సొంత పనికి తనే అనుమతి ఇచ్చుకోకూడదు అని..."

"నేనే చెప్పాను. ఊఁ."

ఈ పిల్లకి ఇంత బాగా పాఠం ఎవడు చెప్పాడో వాణ్ణి తన్నాలనిపించింది భూతద్దానికి.

కొత్తమ్మాయి లోపలికెళ్లి సర్క్యులర్ల ఫైలు మోసుకొచ్చింది. దుమ్ము దులిపింది. వేలితో వరసలు వెతికింది. "ఉంది సార్! వయసువల్లో, జబ్బువల్లో, అలవాటువల్లో సంతకం మారిపోయినవాళ్లు బ్యాంకు ఎదుట వేలిముద్ర వేయొచ్చు. ఈ శాఖలో ఖాతా ఉన్న ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. సిబ్బంది కాకూడదు. సాక్షి సంతకం మాత్రం కార్డుతో కలవాలి."

వేలిముద్ర! డిగ్రీ రెండుసార్లు చదివినవాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినప్పుడల్లా నాన్న అనే మాట గుర్తొచ్చింది: "వేలిముద్రగాడివి అవుతావురా!" నలభై ఏళ్లు ఆలస్యంగానైనా పెద్దాయన మాట నిజమవుతోంది.

"సరే," అన్నాడు. హాల్లోకి తొంగిచూశాడు. సాక్షులకేం కొదవ? పదిమంది కూర్చున్నారు.

బట్టల కొట్టు యజమాని దగ్గరికెళ్లాడు. "ఒక్క సంతకం పెట్టాలి సార్, సాక్షిగా."

"నాదా?" కొట్టాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయిన నెల నాది మూడుసార్లు కలవలేదన్నారు కదండీ. నేను పనికొస్తానా?"

పక్కన టైలరమ్మ అడక్కుండానే చెప్పింది. "నాది పోయినేడాదే పోయింది సార్. అప్పట్నించీ ఏటీఎం మెషీన్లోనే డబ్బు తీసుకుంటున్నా."

మందుల షాపాయన పేపరు ఎత్తి మొహం దాచుకున్నాడు. ఒక్కొక్కరినే చూస్తూంటే భూతద్దానికి అర్థమైంది. హాలు నిండా జనం ఉన్నారు, సంతకం ఉన్నవాడు ఒక్కడూ లేడు. అందరివీ తనే ఊడబెరికాడు.

పన్నెండూ పదికి గాజు తలుపు తోసుకుని భార్య వచ్చింది. హెల్మెట్టు తియ్యకుండానే చెయ్యి చాపింది. "ఏదండీ కవరు?"

ఆయన చెప్పాడు. మూడు వాక్యాల్లో చెప్పాల్సింది ఏడు వాక్యాలు పట్టింది. ఆమె హెల్మెట్టు తీసింది. లోపల ఉన్నంతసేపూ నవ్విందో ఏమో, బయటికొచ్చిన మొహం మాత్రం సీరియస్‌గా ఉంది.

"మేడం, మీకు ఇక్కడ ఖాతా ఉందా?" కొత్తమ్మాయి అడిగింది.

భూతద్దం చూపు తిప్పుకున్నాడు. ఉంది. ఖాతా ఉంది, కథా ఉంది. పదకొండేళ్ల కిందట ఆమె రాసిన చెక్కుని 'సంతకం కలవలేదు' అని వెనక్కి పంపింది ఈయనే. ఇంట్లో పక్కన కూర్చుని రాసిన చెక్కు! సంతకం అలా కాదు ఇలా, ఆ కొమ్ము పైకి లేపు అని దగ్గరుండి పెట్టించిన చెక్కు. సొంత పెళ్లాం చెక్కు తిప్పిపంపిన మొగుడని బంధువులు ఇప్పటికీ ఏ పెళ్లిలో కనిపించినా ఆ మాట కదిపి నవ్వుకుంటారు. ఆ రోజునించీ ఆమె ఈ గడప తొక్కలేదు. ఆమె సంతకం ఏ రెండుసార్లూ ఒకలా ఉండదనే కదా లాకరు తన ఒక్కడి పేరు మీద ఉంచుకున్నాడు!

"ఆవిడది కలవదమ్మా," అన్నాడు నీరసంగా. "నాకు తెలుసు."

"చూద్దాం సార్. పెన్ను తీసుకోండి మేడం."

ఆమె పెన్ను పట్టుకుంది. భూతద్దం అలవాటుకొద్దీ ఆమె భుజం మీంచి వంగాడు. "జాగ్రత్త. మొదటి అక్షరం కొమ్ము..."

పెన్ను ఆగింది.

"అమ్మాయ్," అంది భార్య, కొత్తమ్మాయి వైపు చూస్తూ. "మీ సార్ని కాస్త అవతలికి పంపిస్తావా? ఈయన పక్కన నిలబడి నస పెడుతుంటే నా చెయ్యి నా మాట వినదు. పాతికేళ్లుగా ఇదే వరస."

"సార్, ఆ గోడ వైపు తిరగండి," అంది కొత్తమ్మాయి.

ఇన్‌ఛార్జి మేనేజరు గోడ వైపు తిరిగాడు. గోడకి ఓ పోస్టరుంది, 'మీ నమ్మకమే మా బలం' అని. దాన్ని నాలుగుసార్లు చదివాడు. వెనకాల పెన్ను కాగితం మీద జరిగిన చప్పుడు వినిపించింది. అర సెకను. అంతే.

కార్డు తెరిచిన చప్పుడు. ఆయన గుండె చప్పుడు పోస్టరుకి కూడా వినిపించి ఉంటుంది.

"సార్. రండి. చూడండి."

చూశాడు. భూతద్దంలోంచి ఒకసారి, లేకుండా ఒకసారి. కొమ్ముకి కొమ్ము, సున్నాకి సున్నా, చివరి మెలికకి మెలిక. ఇన్నేళ్లలో వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై ఆరేళ్లలో ఆయన చూసిన సంతకాలన్నిటిలోకీ అంత కచ్చితంగా కలిసింది అదొక్కటే.

"ఇన్నాళ్లూ..." అన్నాడు.

"ఇన్నాళ్లూ మీరు పక్కనుండేవారు," అంది ఆమె. "వేలు పెట్టండి, టైమవుతోంది."

కొత్తమ్మాయి నీలం ఇంకు దిండు జరిపి, ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని, అటూ ఇటూ దొర్లించి, రిజిస్టర్లో నొక్కింది. బొమ్మల మాస్టారు దగ్గరికొచ్చి మెచ్చుకోలుగా చూశాడు. "బాగా పడింది బాబూ. వణకలేదు."

లాకరు తెరుచుకుంది. పన్నెండూ ఇరవై ఏడుకి కవరు పట్టుకుని ఆమె స్కూటరెక్కింది. ఎక్కేముందు గాజు తలుపు అవతలనుంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. అది మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చడానికి ఏ భూతద్దమూ అక్కర్లేదు.

పన్నెండూ యాభై మూడుకి కూతురు ఫోను. "సర్టిఫికెట్లు చూశారు నాన్నా! ముద్ర కొట్టేశారు! ఉద్యోగం ఖాయం!" ఆ వెంటనే ఆపుకోలేక నవ్వింది. "నాన్నా, వేలిముద్ర వేశావట కదా?"

"మీ అమ్మ స్కూటరు నడుపుతూ చెప్పిందా ఏంటి?"

"చేరగానే చెప్పింది. కవరు తర్వాత ఇచ్చింది."

ఫోను పెట్టేసి భూతద్దం కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు ఇత్తడి పిడి వైపు చూశాడు. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి మూశాడు. బల్ల మీద కూర్చున్న బొమ్మల మాస్టార్ని పిలిచాడు.

"రండి మాస్టారూ. ఇంకోసారి పెట్టండి."

మాస్టారు ఫారం తీసుకుని, అలవాటుగా ఆయన మొహంలోకి భయంగా చూశాడు. ఆ చూపు భూతద్దానికి తెలిసిన చూపే. రోజూ చూసేదే. ఇన్నాళ్లూ దాన్ని దొంగ చూపనుకున్నాడు.

ఆయన లేచి, కుర్చీ ఎత్తి, వెనక్కి తిప్పి, గోడ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బాబూ, కోపమొచ్చిందా?"

"లేదు మాస్టారూ. పోస్టరు చదువుకుంటున్నాను. మీరు కానివ్వండి."

వెనక పెన్ను నెమ్మదిగా కదిలింది. ఆగలేదు. భూతద్దం ఇటు తిరిగాడు. రెండో అక్షరం కొంచెం వణికింది. ఆ వణుకు మనిషిది, వయసుది. మిగతాదంతా కార్డు మీద ఉన్న మనిషే.

"కలిసింది," అన్నాడు. ఆ మాట చెప్పడం అలవాటు లేక నాలుక కొంచెం తడబడింది. ఫారం ఎడమ చేత్తో పట్టుకుని పక్కన తన చీమని గీకి, కౌంటరుకి పంపించాడు.

రెండు నిమిషాల్లో ఫారం తిరిగొచ్చింది. వెంట కొత్తమ్మాయి.

"సార్, మాస్టారి సంతకం పక్కన నీలం వేలిముద్ర ఒకటి పడింది," అంది నోటుబుక్కు తెరుస్తూ. "ఎవరిదని రాయమంటారు?"