మేస్త్రీ మాటకు అడ్డుపడిన ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, కడుపులో శనగగింజంత బెండు గుండు. నాతో పాటు పోత పోసిన వాటిలో కొన్ని పోలీసుల జేబుల్లోకి వెళ్లాయి, కొన్ని ఆటస్థలాలకు, కొన్ని బస్సు కండక్టర్ల మెడల్లోకి. నేను డోన్ వైపు ఒక కంకర క్వారీకి చేరాను.

అక్కడ నా యజమాని సుంకన్న. గుట్టలో తూటాలు పేల్చే ముందు అందరూ గుంతలోంచి పైకి ఎక్కారో లేదో చూసి నన్ను ఊదడం అతని పని. నేను మోగాకే వత్తి అంటించాలి. ఊదే ముందు సుంకన్న నన్ను అంగీ అంచుతో తుడిచేవాడు. అంతమంది తమ ప్రాణాలను ఇంత చిన్న వస్తువుకు అప్పజెప్పి, ఆ సంగతే మరచిపోయి బీడీలు వెలిగించుకోవడం నాకు వింతగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, లోపల ఎవరైనా మిగిలారేమోనని సుంకన్న గుంతలోకి దిగాడు. నేను అతని మెడలో ఉన్నాను. నేను మోగలేదు. అయినా తూటాలు పేలాయి.

రాళ్ల కింద అతను నన్ను ఎలాగో పెదవుల దాకా తెచ్చుకున్నాడు. ఊదాడు. గుండు కదిలింది, శబ్దం రాలేదు. ఆ సగం ఊపిరి నాలోనే ఉండిపోయింది.

క్వారీ మేస్త్రీ కంబగిరి అందరికీ ఒకే మాట చెప్పాడు. "సుంకన్న తాగినాడు. మత్తులో ఈల ఊదకుండానే అంటించమని చెయ్యి ఊపినాడు. మళ్లా గుంతలోకి ఎప్పుడు దిగినాడో నేను చూడల్యా." శవం దగ్గర సారా వాసన గుప్పుమంది కాబట్టి జనం నమ్మారు. సుంకన్న భార్య మద్దమ్మ మాత్రం నమ్మలేదు. కాలనీ కుళాయి దగ్గర ఆడవాళ్లు, "తాగి సచ్చినోడు సచ్చె, ఇంకా నయం, మావోళ్లను సంపల్యా" అంటే ఆమె ఖాళీ బిందెతోనే వెనక్కి వచ్చేసేది. ఆమెకు కావలసింది ఒక్కటే. సుంకన్న తాగలేదని ఆ నోళ్లే అనాలి.

జయన్న సార్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది అప్పుడే. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, సెలవుల్లో ఊరూరా నాటకాలు ఆడించేవాడు. సుంకన్న చావు మీద నాటకం కట్టాడు. మద్దమ్మ నన్ను అతని చేతిలో పెట్టింది.

అతని నాటకాల తీరు వేరు. సుంకన్న వేషం మాబాషాది. రాళ్ల కింద నుంచి అతను చెయ్యి చాపగానే జనం కొంగులతో, తువ్వాళ్లతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. సరిగ్గా అప్పుడు జయన్న నన్ను ఊదేవాడు. మాబాషా లేచి దుమ్ము దులుపుకొని, "నేను సుంకన్నను కాను. నా పేరు మాబాషా. బస్టాండు కాడ పంచర్లు ఏస్తా. మీరు ఏడుస్తాండారు గానీ, వత్తి ఎవరు అంటించినారో అడగల్యా" అనేవాడు.

ఒక ఊళ్లో ముసలామె ఒకతె జయన్నను నిలదీసింది. "ఏడుపు వచ్చే టయానికి ఈ ఈల గోలేంది సామీ? సినిమాకు పోయింటే కడుపు నిండా ఏడిపిచ్చి పంపిచ్చేవాళ్లు."

"ఏడిస్తే మనసు తేలికైతాది అవ్వా. తేలికైనోళ్లు ఇంటికి పోయి పండుకుంటారు. నాకు బరువుతో పోయేటోళ్లు కావల్ల."

"బరువు మోసేది నా నడుము గదా, నీకేం," అంది అవ్వ. జనం నవ్వారు. జయన్న కూడా నవ్వాడు.

ఇంకో పద్ధతి కూడా పెట్టాడు. చూసేవాళ్లలో ఎవరైనా లేచి రావచ్చు, ఏ వేషమైనా ఆడవచ్చు, కథ మార్చవచ్చు.

అన్నీ బాగానే ఉన్నాయి, నేను తప్ప. అతను ఊదిన ప్రతిసారీ అతని ఊపిరి కంటే ముందు నాలోంచి ఇంకొక ఊపిరి బయలుదేరేది. మొదట ఒక గరగర, ఆ తర్వాతే శబ్దం. జయన్న నన్ను విదిలించి చూసి "తేమేమో" అనుకునేవాడు. చదువుకున్నవాళ్లకు ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది. మద్దమ్మ మాత్రం ఆ గరగర వినపడ్డప్పుడల్లా తల ఎత్తేది.

చివరికి క్వారీ కాలనీలోనే నాటకం వేశారు. మేస్త్రీ కంబగిరికి ముందు వరుసలో కుర్చీ వేశారు. మేస్త్రీ వేషగాడు వత్తి అంటించే ఘట్టం వచ్చింది. కంబగిరి కుర్చీలోంచి లేచాడు.

"ఆ పొద్దు సుంకన్న తాగి ల్యాడు," అన్నాడు. గొంతు వణికింది. "గుంతలోకి దిగింది నేను చూసినా. చూసి కూడా..."

జనంలో వెక్కిళ్లు మొదలయ్యాయి. అతను కూడా వేషం కట్టాడనుకొని ఎవరో చప్పట్లు కొట్టారు. జయన్న కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. కన్నీళ్లు కనపడితే ఊదడం అతని చేతికి అలవాటు. ఊదేశాడు.

కంబగిరి నిద్రలో ఎవరో తట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. మెల్లగా నవ్వాడు.

"ఎట్లుంది సారూ నా యాక్షను? ఎవరైనా లేసి ఆడచ్చంటిరి గదా."

అందరూ నవ్వారు. అతను కూర్చున్నాడు.

జనం వెళ్లిపోయాక మద్దమ్మ జయన్న దగ్గరికి వచ్చింది. "ఆ యప్ప చెప్తాండె గదా సారూ. ఎందుకు ఊదితివి?"

"జనం ఏడుస్తాండ్రి అక్కా."

"నేను ఏడవల్యా గదా."

జయన్న ఇక నాటకం ఆపేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "మేస్త్రీ వేషం నేను కడతా," అంది.

మర్నాటి నుంచి ఆమె భుజం మీద తువ్వాలు వేసుకొని జనం ముందు నిలబడేది. "నేను మద్దమ్మను. సుంకన్న పెండ్లాన్ని. ఇప్పుడు మేస్త్రీ కంబగిరిని." ఆ తర్వాత కంబగిరి అన్న మాటలే, అదే గొంతు, అదే వణుకు. "చూసి కూడా" అన్నచోట ఆగేది. మిగతాది ఆమెకు తెలియదు. ఆగి ఎదురుచూసేది. భర్త చావును చావుకు కారణమైనవాడి నోటితో చెబుతున్న ఆ మనిషిని చూసి ఎవరికీ ఏడుపు రాలేదు. "చూసి కూడా ఏం జేసినాడు?" అని పక్కవాళ్లను అడిగేవాళ్లు. నన్ను ఊదే పనే లేకుండా పోయింది.

కొన్ని ఊళ్లు తిరిగాక నేను గమనించాను. జనం వెనక, తలకు తువ్వాలు చుట్టుకొని కంబగిరి నిలబడి ఉన్నాడు. తర్వాతి ఊళ్లోనూ ఉన్నాడు. ఆమె మాటలతో పాటే అతని పెదవులు కదిలేవి. ఆమె ఆగినచోట అతనూ ఆగేవాడు. ఎందుకు వచ్చేవాడో నాకు తెలియదు. మనిషి బాగా ఎండిపోయాడు.

ఒక రోజు సంతలో ఆట పెట్టారు. కాలనీ ఆడవాళ్లంతా సరుకుల సంచులతో వచ్చి కూర్చున్నారు. మద్దమ్మ ఆ మాట దగ్గరికి వచ్చి ఆగింది. ఎండ మొహం మీద పడుతున్నా కళ్లు తిప్పలేదు.

"చూసి కూడా అంటించినా," అన్నాడు కంబగిరి వెనక నుంచి. "లారీలు కాసుకోని ఉండాయి. ఎక్కొస్తాడులే అనుకుంటి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చప్పట్లు లేవు. కంబగిరి జయన్న వైపు చూశాడు.

"ఊదు సారూ," అన్నాడు. "ఊదప్పా. నాటకమని చెప్పు."

జయన్న నన్ను మెడలోంచి తీశాడు. నాలోని ఆ సగం ఊపిరి గుండును కదిపింది. అది అతని వేళ్లకు తెలిసినట్టుంది. నన్ను మద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆమె పిడికిలి మూసింది.

"తాగినాడని ఎందుకంటివి?" అని అడిగింది. "అది చెప్పు."

"రాళ్లు తీసినాక సారా తెచ్చి నేనే పోసినా. అంగీ మీద."

కుళాయి దగ్గర గట్టిగా మాట్లాడే ఆమె ఒళ్లోని సంచి పక్కన పెట్టి, వెనక ఉన్నామెతో మెల్లగా అంది.

"తాగలేదంట."

ఆమె ఇంకొకరికి చెప్పింది. తాగలేదంట, తాగలేదంట అంటూ ఆ మాట వరుసల మీదుగా వెనక్కి, సంతలో అంగళ్ల దాకా పోయింది. మద్దమ్మ దాన్ని వింటూ నిలబడింది. పిడికిలి విప్పలేదు.