రెండోది అమెరికాదండీ

నేను ఒక ఎలక్ట్రిక్ గిటార్‌ని. జపానులో పుట్టాను. ఈ రెండో మాట చెప్పకుండా ఉంటే మీరు నన్ను ఇంకాస్త గౌరవంగా చూసేవారని నాకు తెలుసు. టేప్ రికార్డరైతే జపానుదే కావాలంటారు, చేతిగడియారమైతే జపానుదే కావాలంటారు, గిటార్ దగ్గరికొచ్చేసరికి మాత్రం “అమెరికాదేనా?” అని అడుగుతారు. ఏం చేస్తాం, మనుషుల మర్యాదలు మనుషులవి.

నేను పుట్టిన ఊరి చుట్టూ మంచుకొండలు. అక్కడి కార్ఖానాలో ఓ అమెరికా గిటార్‌ని ఊడదీసి బల్ల మీద పరిచారు. దాని కొలతలన్నీ తీసి నన్ను చేశారు. కాపీ అంటారా, అనండి, పడతాను. కాని నా మెడ మీద మెట్లు కూర్చినావిడ ప్రతి మెట్టునీ ఆకురాయితో అరగదీసి, బొటనవేలితో తడిమి, పెదవి విరిచి, మళ్ళీ అరగదీసేది. మేస్త్రీ వచ్చి ఇక చాల్లెమ్మన్నా వినేది కాదు. ఆ పంతం మాత్రం ఆవిడ సొంతం. ఏ అమెరికావాడి దగ్గరా కాపీ కొట్టింది కాదు.

ఓ సరుకు ఓడలో వంట చేసేవాడు నన్ను కొనుక్కుని సముద్రమెక్కాడు. వాడికి వాయించటం రాదు, మోజు తీరిపోయింది. కాకినాడ రేవులో లంగరు వేసినప్పుడు, ఓడకి ఐసు దిమ్మలు తెచ్చిన ఫిలేమోను కంట్లో పడ్డాను. ఐస్ ఫ్యాక్టరీలో పని ఆయనది. నన్ను చూసిన కాసేపటికే తన సైకిలూ, చేతికున్న వాచీ వంటవాడి చేతిలో పెట్టేసి, నన్ను భుజాన వేసుకుని కాలినడకన ఇంటికొచ్చాడు.

“మా నాన్న పెట్టిన వాచీ ఇచ్చి చెక్కముక్క తెచ్చారా? ఎంత తెలివండీ మీది!” అంది ఆయన భార్య యెస్తేరు.

“చెక్కముక్క కాదే, పిల్ల! దీని గొంతు విను ముందు,” అన్నాడాయన, ఒక్క పాటైనా రాకుండానే.

నేర్చుకున్నాడు. ఎవరూ చెప్పేవాళ్ళు లేకుండా, రేడియోలో విన్నది విన్నట్టు వేళ్ళతో వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. ఊళ్ళో చీరల కొట్టు నడిపే వెంకటరత్నం గారికి ఓ ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది. వినాయకుడి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో కచేరీలు. అందులో గిటారిస్టుగా చేరాడు. పగలంతా ఐసు మోసి చల్లబడిపోయిన ఆ చేతులు స్టేజీ ఎక్కేసరికి వెచ్చబడేవి. ఆయన బతికేదే ఆ కాసేపు. ఫ్యాక్టరీలో ఆయన్ని “ఒరే” అని పిలిచే గుమాస్తా కూడా పందిట్లో కనిపిస్తే “ఫిలేమోను గారూ” అనేవాడు.

ఇక్కడ నా తీగల గురించి చెప్పాలి. సముద్రపు గాలికీ చేతి చెమటకీ గిటార్ తీగలు తొందరగా మందగిస్తాయి. కొత్తవి కావాలంటే మద్రాసు నుంచి రావాలి. అందుకని ఫిలేమోను పాత తీగలే విప్పి, చుట్టలు చుట్టి, నీళ్ళలో మరిగించి, తుడిచి మళ్ళీ నాకే కట్టేవాడు. యెస్తేరు అన్నం దించి అదే పొయ్యి మీద ఆ గిన్నె పెట్టేది. “తీగల చారు కాగింది, దించమంటారా? పోపు కూడా పెట్టెయ్యనా?” అని వేళాకోళం చేసేది. అలా ఉడికిన తీగలు రెండు మూడు రోజులు కాస్త పలికి, మళ్ళీ మూగపోయేవి. నాకేమో ఎప్పుడూ పడిశం పట్టినట్టుండేది. ఆయన అదే నా గొంతనుకున్నాడు. “మా పిల్ల కొంచెం ముక్కుతో పాడుతుందండీ, అదే దీని అందం,” అని అందరితో మురిసిపోతూ చెప్పేవాడు. కాదయ్యా, ఇది నా గొంతు కాదు అని ఎలా చెప్పను? ఆయన మీటితే మోగటం తప్ప నాకేం చేతనవును?

ఏళ్ళు గడిచాయి. అప్పుడు రాజమండ్రి నుంచి ఇందుశేఖరం అనే కుర్రవాడు దిగాడు, చేతిలో అసలు సిసలు అమెరికా గిటార్‌తో. రత్నం గారి కళ్ళు జిగేలుమన్నాయి. పోస్టర్ల మీద “అమెరికన్ గిటార్‌తో” అని వేయించొచ్చని లెక్కలు వేసుకున్నారు. పార్టీలో ఇద్దరు గిటారిస్టులు దండగ, ఒకరు చాలన్నారు.

రిహార్సలు గదిలో మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన గోడకి ఆనించారు. ఆ అమెరికా గిటార్‌ని దగ్గర్నుంచి చూశాను. మెడ ఒంటికి అతికిన చోట సందుంది, పోస్టు కార్డు దూరుతుంది. నన్ను చేసినావిడ చూస్తే ఏడ్చేది. అయినా ఉన్నమాట చెప్పాలి, దాని సన్న తీగలు పలికితే గాలిని కోసుకుంటూ పోతాయి, ఆ పదును నాకు రాదు. నా బలమంతా లావు తీగల దగ్గర, ఆ నిండుతనం దానికి లేదు. మంచీ చెడ్డా అని కాదు, ఎవరి గొంతు వాళ్ళది. ఇంత చిన్న సంగతి మాలో మాకు చూడగానే తెలిసిపోయింది. మనుషులకే తగువు కావాల్సొచ్చింది.

“జపానుది జపానుదేనయ్యా ఫిలేమోనూ. రేకు డబ్బా మోతా, కంచు మోతా ఒకటవుతాయా?” అన్నారు రత్నం గారు.

ఫిలేమోను మొహం కందిపోయింది. “తెర కట్టించండి. వెనకనించి రెండూ వాయించమనండి. ఏది బావుందో మీరే చెప్పండి. ఏది నాదో నేను చెప్తాను. చెప్పలేకపోతే ఈ పార్టీ మెట్లెక్కను.”

“అంతంత మాటలెందుకు బాబాయ్ గారూ,” అన్నాడు ఇందుశేఖరం పాపం.

“కన్నబిడ్డ గొంతు గుర్తుపట్టలేనేటయ్యా?” అన్నాడాయన.

ఆదివారం మధ్యాహ్నం, చీరల కొట్టు మేడ మీద స్టేజీ తెర అడ్డంగా కట్టారు. న్యాయంగా ఉండాలని ఇందుశేఖరం ఒకే రకం కొత్త తీగలు రెండు కట్టలు తెచ్చాడు. “ఏ తీగైనా వేసుకోండి, నాకేం బెంగ లేదు,” అన్నాడు ఫిలేమోను. బేస్ గిటార్ వాయించే వీర్రాజు తెర వెనక కూచుని మా ఇద్దరికీ అవి బిగించాడు.

కొత్త తీగలు! ఓడ దిగాక నా ఒంటి మీద కొత్త తీగ పడటం అదే మొదలు. పడిశం వదిలిపోయింది. ఇవాళ ఆయన నా అసలు గొంతు వింటాడు, వినగానే లేచి నిలబడి “ఇదీ మా పిల్ల!” అని అరుస్తాడు అనుకుని ఎంత సంబరపడ్డానో, పిచ్చిదాన్ని.

వీర్రాజు ముందు అమెరికా దాన్ని మీటాడు. తర్వాత నన్నెత్తుకుని అదే పాట, అదే యాంప్లిఫయర్‌లో. మోగాను. నా మెట్లు అరగదీసినావిడ చేసిన చాకిరీకంతటికీ అర్థం ఉన్నట్టు మోగాను. పాట ఆగింది.

“రెండోది. సందేహం లేదు, రెండోదే,” అన్నారు రత్నం గారు. “నువ్వు చెప్పవయ్యా. నీదేది?”

ఫిలేమోను గొంతు సవరించుకున్నాడు. “మొదటిదండీ నాది. కొంచెం సన్నగా, ముక్కుతో పలికింది చూశారా, అదే. రెండోది అమెరికాదండీ. నేనూ ఒప్పుకుంటున్నాను. అంత నిండుగా మోగేది అమెరికాది కాక మరేటవుద్ది?”

వీర్రాజు వెంటనే తెర తీయలేదు. ఒక్క తీగ తెగినా బావుండేది నాకు. ఏదీ తెగలేదు, కొత్తవి కదా. చివరికి తెర తీశాడు. వాడి ఒళ్ళో నేనున్నాను.

రత్నం గారు ముందు నవ్వబోయి ఆపుకున్నారు. మంచివాడే ఆయన. “పోనీలేవయ్యా, గిటార్ నెగ్గింది కదా! దాన్నే పట్టుకుని వాయించు. పోస్టరు సంగతి తర్వాత చూద్దాం,” అన్నారు. ఇందుశేఖరం అయితే తన గిటార్ పెట్టెలో పెట్టేసుకుని, “నేను రాజమండ్రి వెళ్ళిపోతాను బాబాయ్ గారూ, మీరే ఉండండి,” అన్నాడు.

“దాని గొంతే తెలీనోణ్ణి, ఏ మొహం పెట్టుకుని వాయించనయ్యా,” అన్నాడు ఫిలేమోను. నన్ను అందుకుని, మెట్లు దిగి ఇంటికొచ్చేశాడు. దారి పొడుగునా నా మెడ వదల్లేదు.

ఆ తర్వాత మళ్ళీ కచేరీకి వెళ్ళలేదు. ఎంతమంది వచ్చి పిలిచినా వెళ్ళలేదు. అందరూ ఆయన చెవి పోయిందనుకున్నారు, ఆయన కూడా అదే అనుకున్నాడు. యాంప్లిఫయర్ పార్టీది, మేడ మీదే ఉండిపోయింది. అది లేకపోతే నా గొంతెంతని? పక్క గదిలోకి కూడా వినపడదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు భోజనాలయ్యాక ఆయన నన్ను యెస్తేరు ఒళ్ళో పెడతాడు. ఆవిడకి సరిగమలు కూడా రావు. ఏదో ఒక తీగ మీటమంటాడు. తను గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని వింటాడు. వినపడక, లేచి వచ్చి నా చెక్కకి చెవి ఆనిస్తాడు.

“ఇలాగే మోగిందంటావా ఆవేళ?”

“నేనక్కడ లేనుగదండీ. నాకేం తెలుసు?” అంటుందావిడ.

ఉన్నదాన్ని నేను. ఇలా కాదయ్యా, ఇంతకి పదింతలు మోగాను. నీ చెవి దోషం ఏమీ లేదు, ఇన్నేళ్ళూ నీకు నా గొంతు వినపడే యోగమే లేకపోయింది అని చెప్పాలని ఉంటుంది. ఆయన చెవి ఇంకా నా ఒంటికే ఆని ఉంటుంది. యెస్తేరు మళ్ళీ మీటుతుంది. టింగుమంటాను. అంతవరకే అనగలను.