దండల పెళ్లి

మీటింగులకి పేర్లు పెట్టడంలో మోరిస్‌విల్ తెలుగువాళ్లని కొట్టేవాళ్లు లేరు. ఆ శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ సెంటర్‌లో పెట్టినదాని పేరు "సోషలిజం: మన పిల్లలకి ఏమర్థమైంది?" పిల్లలకి ఏమర్థమైందో పెద్దలే చెప్పేస్తారని ఆ పేరులోనే ఉంది. టౌన్ కౌన్సిల్ ఎన్నికల్లో ఒక కుర్రాడు తాను సోషలిస్టునని చెప్పుకుని నిలబడ్డాడు. మన పిల్లలు పాతికమంది అతని కోసం ఇంటింటికీ తిరిగి తలుపులు కొడుతున్నారు. వాళ్లలో మా ఆద్య ఒకతె. ఇరవయ్యేళ్లది, కాలేజీలో సెకండ్ ఇయర్. నెల రోజులుగా ఎవరింటికి భోజనానికి వెళ్లినా పప్పు వడ్డించేలోపే ఈ గొడవ మొదలైపోతోంది.

ఆద్య మాట్లాడుతుందంటే నాకు సరదాగానే ఉంది. మా ఆయన రఘువీర్‌కే ఇష్టం లేదు.

"వచ్చే నెల పన్నెండున మన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ఈ కొన్నాళ్లూ నోరు మూసుకుని ఉండలేరా తల్లీకూతుళ్లు?" అన్నాడు పొద్దున్నే.

అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లు. అందులో పదకొండేళ్లు గ్రీన్ కార్డు క్యూలోనే పోయాయి. అతని భయం నాకు తెలియంది కాదు. అయినా నోరు మూసుకోవడం నేర్పి పిల్లని పెంచలేదు కదా.

ముందు పెద్దలు మాట్లాడారు. అవినాష్ అని, అసోసియేషన్‌లో అన్నిటికీ ముందుండే మనిషి, మైకు పట్టుకుని వదల్లేదు. "మేం కిరసనాయిల్ కోసం రేషన్ షాపు ముందు గంటలు గంటలు నిలబడ్డాం. సోషలిజం అంటే మాకు తెలుసు. మీకు ఫోన్‌లో తెలుసు" అన్నాడు. పెద్దలంతా నవ్వారు. తరవాత ఆద్య లేచింది.

"అంకుల్స్, ఆంటీస్, నా తెలుగు కొంచెం బ్యాడ్, సారీ. మీకు సోషలిజం అంటే రేషన్ లైన్. నా రూమ్మేట్‌కి ఇన్సులిన్ కొనడానికి డబ్బులు లేదు. సగం సగం వేసుకుంటుంది. అది తప్పు అంటే నన్ను సోషలిస్ట్ అంటున్నారు. ఓకే, నేను సోషలిస్ట్."

వెనక వరసల్లో పిల్లలు ఈలలు వేశారు. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది.

"ఇది నాకు కాలేజ్‌లో ఎవరూ నేర్పించలేదు. మా ఇంట్లో నేర్చుకున్నాను. మా నాన్న కాకినాడలో పార్టీ మెంబర్. కమ్యూనిస్ట్ పార్టీ. మా అమ్మా నాన్నా పెళ్లి పార్టీ ఆఫీస్‌లో అయింది. ప్రీస్ట్ లేదు, గోల్డ్ లేదు. జస్ట్ రెండు దండలు. ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ దెమ్."

ఆ సంగతి దానికి చెప్పింది నేనే. హైస్కూల్లో ఉండగా ఒకసారి మన దగ్గర పెళ్లిళ్లన్నీ బంగారం కోసమేనా అని అడిగింది. కాదని గొప్పగా చెప్పాను. పార్టీ ఆఫీసు మేడ మీద, హమాలీ యూనియన్ వాళ్లు బెంచీలు సర్ది, మా చేతికి చెరో దండ ఇచ్చారు. అందరికీ కారబ్బూందీ, టీ. అంతే పెళ్లి. మా నాన్న పురోహితుడు. ఊళ్లో వందల పెళ్లిళ్లు చేయించిన మనిషి నా పెళ్లికి రాలేదు. మూడేళ్ల తరవాత పోయాడు. ఆ మూడేళ్లలో నా ముఖం చూడలేదు. రఘువీర్ కోసం, ఆ రోజుల్లో ఇద్దరం నమ్మినదాని కోసం, ఆ నష్టాన్ని నవ్వుతూ భరించాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధే, కానీ పశ్చాత్తాపం ఎప్పుడూ లేదు.

"రఘువీర్ గారూ, మీరు కామ్రేడని మాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు అవినాష్.

హాలంతా నవ్వింది. మీటింగ్ లైవ్‌లో వెళ్తోంది. రెండు మూడు ఫోన్లు మా వైపు తిరిగాయి. నాకప్పుడు వెలిగింది. ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. గ్రీన్ కార్డప్పుడూ, ఇప్పుడూ, ఇద్దరి ఫారాల్లోనూ అతనే "నో" కొట్టాడు. నేను తెలిసే సంతకం పెట్టాను. కాగితం మీది అబద్ధం కాగితానికే అనుకున్నాను. అది బయటపడితే సిటిజన్‌షిప్పే కాదు, ఉన్న గ్రీన్ కార్డూ పోతుంది.

రఘువీర్ లేచి మైకు తీసుకున్నాడు.

"పిల్ల ఏదో ఊహించుకుంది. నాకు ఏ పార్టీతోనూ ఎప్పుడూ సంబంధం లేదండీ. మా పెళ్లి అన్నవరంలో, స్వామి సన్నిధిలో జరిగింది. మా మామగారు పెద్ద పురోహితులు. ఆయనే నా కాళ్లు కడిగి కన్యాదానం చేశారు."

పార్టీ లేదంటే సరిపోయేది. చచ్చిపోయిన మా నాన్నని లాక్కొచ్చి, ఆయన చేత ఇతని కాళ్లు కడిగించాలా? ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్లని చాలామందిని చూశాను. అసలు ఏరే లేదన్నవాణ్ణి అప్పుడే చూశాను.

"నాన్నా, అమ్మ నాకు చెప్పింది" అంది ఆద్య. దాని గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు పాపం. "అమ్మా, చెప్పు."

సభ నడుపుతున్న విశ్వనాథం గారు మంచాయన. గొడవ సర్దుబాటు చేద్దామని మైకు నా చేతికిచ్చాడు. "నువ్వు చెప్పమ్మా జ్ఞానప్రసూనా. తీరిపోతుంది."

నా ఎదురుగా నా కూతురు. పక్కన నా మొగుడు. మధ్యలో ఎవరిదో ఫోను, దాని ఎర్రచుక్క. నిజం చెప్తే ఇరవై రెండేళ్లు బూడిద. అబద్ధమాడితే నా పిల్ల అబద్ధాలకోరు.

"అన్నవరంలోనే" అన్నాను.

ఆద్య నా వంక చూసింది. వాళ్ల నాన్న మాటకి ఏడవలేదు అది. నా మాటకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు క్షణాల్లో దానికి ఏం అర్థమైందో నాకు తెలియదు. మెల్లగా వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"సారీ ఎవ్రీబడీ. నేను మేడ్ ఇట్ అప్. స్పీచ్ బాగుంటుంది అని."

"చూశారా!" అని అవినాష్ లేచాడు. "ఇదీ ఈ జనరేషన్ సోషలిజం. అంతా కథలే!"

చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో రఘువీర్ ఉన్నాడు. నా కళ్లతో చూశాను. కూతురు తన కోసం నలుగురిలో తల దించుకుంటే, తండ్రి చప్పట్లు కొట్టాడు.

ఆద్య మాతో రాలేదు. ఫ్రెండ్ కార్లో వెళ్లిపోయింది.

పార్కింగ్ లాట్‌లో రఘువీర్ కారెక్కి గట్టిగా ఊపిరి వదిలాడు. "గండం గడిచింది. థాంక్స్ ప్రసూనా. దాంతో నేను తరవాత మాట్లాడతాలే."

"ఏం మాట్లాడతావ్?"

"అర్థం చేసుకుంటుంది. చిన్నపిల్లా ఏంటి?"

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. చుట్టుపక్కల మనిషి లేడు. నాకు సిటిజన్‌షిప్ మీద ఆశ లేదని కాదు. కానీ ఆ క్షణాన నాకు కావలసింది ఒక్కటే. ఇరవై ఐదేళ్ల కిందట ఆ మేడ మీద నా ఎదురుగా దండ పట్టుకుని నిలబడ్డ మనిషి ఇతనేనని తెలియాలి.

"రఘూ, ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. ఎవరూ వినట్లేదు. ఒక్కసారి చెప్పు. మన పెళ్లి ఎక్కడైంది?"

"ఇప్పుడెందుకవన్నీ?"

"చెప్పు."

అతను సీట్ బెల్ట్ పెట్టుకున్నాడు. కారు స్టార్ట్ చేశాడు. నా వంక చూడకుండా, ప్రాక్టీస్ చేస్తున్నవాడిలా, స్పష్టంగా చెప్పాడు.

"అన్నవరంలో."